ఓడల దారిలో గ్రేట్ నికోబారు

గ్రేట్ నికోబారు దీవి దక్షిణ భాగమున ఒక అఖాతము గలదు. అఖాతమునకును, అందు కలియు నదికిని గలాతియా అని పేరు. అది నికోబారీలు పెట్టిన పేరు కాదు. భారతీయ భాషలలో దేనికిని చెందినదియు కాదు. గ్రీకు పురాణములలోని ఒక జలకన్య పేరు డెన్మార్కు వారి యుద్ధనౌక కొకదానికి పెట్టబడెను; ఆ నౌక 1846లో ఇచటకు వచ్చి పోయెను; పేరు మాత్రము నిలిచిపోయెను. ఇప్పుడు భారత ప్రభుత్వము ఆ అఖాతముననే ఒక మహా నౌకాశ్రయమును నిర్మింప సంకల్పించినది. కావున సింగపూరు, కొలంబోల సరసన ఆ పేరు పత్రికలలో తరచుగా కనబడుచున్నది.

ఈ దీవి చిన్నదేమియు కాదు. సుమారు 900 చదరపు కిలోమీటర్ల నేల, అందు అధిక భాగము అరణ్యము. మద్రాసు తీరము కన్న సుమత్రా దీవియే దీనికి చాల దగ్గర. నడుమనున్న సముద్రము నూటయేబది, నూటయరువది కిలోమీటర్లకు మించదు. సూయజ్ నుండియు, కొలంబో నుండియు మలక్కా జలసంధికి పోవు ఓడలు ఈ నడిమి నీటి దారినే పట్టును. తూర్పు దేశములపైకి నౌకాదండు నడిపిన రాజేంద్ర చోళుని తంజావూరు శాసనమున మానక్కవారమను పేరు వినవచ్చుట అందువలననే. చోళుల నాటినుండి నేటివరకు ఈ దీవుల చరిత్రను నిర్ణయించినది, దీవిలో పండిన పంట కన్న ప్రక్కనుండి పోవు ఓడలే యనవచ్చును.

ఐరోపా వారి రాకలో కొంత హాస్యము, కొంత విషాదము కలవు. తరంగంబాడిలో వర్తకము చేయుచుండిన డేనులు 1756లో ఈ దీవులు తమవని ప్రకటించిరి. జ్వరములు వారిని నిలువనీయలేదు. వారు విడిచి పోయిరని తలచి 1778లో ఆస్ట్రియా వారు దిగిరి. కొలది యేండ్లకే వారును పోయిరి. మొరేవియను మతబోధకులు 1768 నుండి ఇరువది యేండ్లు పాటుపడి, తమవారిని పెక్కుమందిని పాతిపెట్టి మరలిపోయిరి. ఎవరును దీవివాసులను అడుగలేదు.

1845లో డేనులు తరంగంబాడిని, శ్రీరాంపూరును ఆంగ్లేయ కంపెనీకి అమ్మివేసిరి. నికోబారు ఆ బేరములో చేరలేదు. ఆ యేడే కోపెన్‌హేగన్ నుండి గలాతియా భూప్రదక్షిణమునకు బయలుదేరెను. అమ్మిన పట్టణములను అప్పగించుట ఆ నౌక చేయవలసిన పనులలో ఒకటి. నికోబారు దీవులను శాస్త్రీయముగా పరిశీలించుట మరియొకటి. ఆవిరి ఓడల కాలము మొదలైనది. ఓడ యెంత దూరము పోవలెనన్న అంత బొగ్గు కావలెను. ఈ దీవులలో బొగ్గు దొరకినచో డెన్మార్కు అదృష్టము పండినట్లే. కాని వెచ్చించిన శ్రమకు తగినది దొరకలేదు. 1848లో డేనులు జెండా దింపుకొనిరి; 1868లో తమ హక్కును ఆంగ్లేయులకు విక్రయించిరి. మరుసటి సంవత్సరము ఆంగ్లేయులు నన్‌కౌరీలో ఖైదీల నివాసమొకటి నెలకొల్పిరి. నికోబారు నీళ్ళలో ఓడల దోపిడిని అరికట్టుటయే దాని ఉద్దేశమని వారు చెప్పుకొనిరి. ఆ 1869లోనే సూయజ్ కాలువయు తెరువబడెను. ఖైదీల నివాసము మాత్రము 1888 వరకే సాగినది.

ఇన్ని జెండాలు మారుచుండగా దీవివాసుల జీవితము కొబ్బరిచెట్టు చుట్టును తిరుగుచుండెను. బర్మా, మలయా, చైనా, భారతదేశముల ఓడలు కొబ్బరికాయలకై వచ్చును. బట్ట, ఇనుము, బియ్యము దింపి పోవును. కొబ్బరికాయయే నాణెము. ఇరువదుల లెక్కన వానిని లెక్కించు పద్ధతి వారి భాషలో వేరూనినది. నికోబారు గ్రామపెద్దను నేటికిని కెప్టెన్ అనియే పిలుతురు. ఓడల నాయకులతో బేరమాడి బేరమాడి వారి బిరుదునే గ్రామము తనదిగా చేసికొన్నది! అన్యుల పెత్తనమును అంగీకరింపక అన్యుల మాటను మాత్రము వాడుకొనుట ఎట్లో ఈ చిన్న జాతి చక్కగా ఎరుగును.

వారి భాష విషయమై తెలుగు పాఠకులు గమనింపదగినది ఒకటి కలదు. నికోబారీ భాషలు ఆస్ట్రో ఏషియాటిక్ కుటుంబములోనివి. శ్రీకాకుళము, పర్లాకిమిడి కొండలలోని సవర భాష ఈ కుటుంబములోనిదే. గిడుగు రామమూర్తి పంతులు ఏండ్ల తరబడి పరిశ్రమించి, 1931లో ఏ భాషకు వ్యాకరణము వెలువరించెనో ఆ భాషకు సముద్రము నడుమ దూరపు జ్ఞాతులున్నారు. నికోబారీకి గిడుగు వంటివాడు జాన్ రిచర్డ్‌సన్. ఈయన కార్ నికోబారున జన్మించి, మద్రాసు నుండి వచ్చిన సాలమన్ అను ఉపదేశకుని ప్రోత్సాహమున బర్మాలో చదివి, స్వగ్రామమునకు తిరిగివచ్చి బడి నడపెను; క్రొత్త నిబంధనను తన భాషలోనికి తెచ్చెను. లిపిలేని భాషకు అనువాదమే తొలి గ్రంథమగుట లోకమున పలుచోట్ల జరిగినదే. కాని ఇచట అనువాదకుడు పరదేశి కాడు, ఆ యూరివాడే.

రెండవ ప్రపంచయుద్ధము ఈ దీవులను ఒక్క దెబ్బతో లోక రాజకీయములలోనికి ఈడ్చినది. 1942 మార్చిలో జపానీయులు పోర్టుబ్లెయిరును, పిమ్మట కార్ నికోబారును ఆక్రమించిరి. విమానములు దిగుటకు చదునైన నేల కావలెను. కార్ నికోబారు చదునుగానున్నది. అదే దాని దురదృష్టము. కొబ్బరితోటలను నరికి, దీవివాసులచే వెట్టిచాకిరి చేయించి విమానాశ్రయము కట్టించిరి. 1945లో గూఢచారులను నెపమున పలువురిని హింసించి చంపిరి. రిచర్డ్‌సనును చెరపట్టిరి; యుద్ధము ముగియుటచే ఆయన బ్రతికి బయటపడెను. ఆ దురాగతములపై 1946లో సింగపూరున విచారణ జరిగెను. స్వతంత్ర భారతమున 1952లో తొలి లోక్‌సభకు ఈ దీవుల ప్రతినిధిగా నియమింపబడినవాడు ఈ రిచర్డ్‌సనే.

గ్రేట్ నికోబారునకు ప్రభుత్వము 1969 నుండి మాజీ సైనికుల కుటుంబములను తెచ్చి తూర్పు తీరమున స్థిరపరచెను. సరిహద్దు దీవి నిర్జనముగానుండరాదను ఆలోచన దీని వెనుక నుండెను. గాంధీనగర్, శాస్త్రీనగర్ అను గ్రామములు అట్లు వెలసినవే. లోపలి అడవిలో షోంపెనులు వేట, ఆహారసేకరణలతో జీవించుచుండిరి. 2011 జనాభా లెక్కలలో వారు 229 మంది. పడమటి, దక్షిణపు తీరములలో నికోబారీల ఊళ్ళు, తోటలు, పందులు. ముగ్గురికిని దీవి సరిపోయెను.

2004 డిసెంబరు 26న సముద్రము లేచివచ్చి ఆ తీరపు ఊళ్ళను తుడిచిపెట్టెను. దీవి దక్షిణాగ్రమగు ఇందిరా పాయింటు నాలుగు మీటర్లకు పైగా క్రుంగెను. 1972లో గట్టున కట్టిన దీపస్తంభము నీటిలో నిలిచెను. బ్రతికిన నికోబారీలను కాంప్‌బెల్ బే సమీపమునకు చేర్చి, రాజీవ్‌నగర్, న్యూ చింగెన్ అను చోట్ల ఇండ్లిచ్చిరి. తాత్కాలికమని వారు తలచిరి.

అటుపిమ్మట లోకము మరల వచ్చినది. 2020 ఆగస్టు 10న మద్రాసు నుండి సముద్రగర్భమున సుమారు 2300 కిలోమీటర్ల తంతి దీవులకు చేరెను. దానివలని మేలు కాదనరానిది: రోగికిని, విద్యార్థికిని పెద్ద ఊరు దగ్గరైనది. గలాతియా సంగతి అంత తేలిక కాదు. నౌకాశ్రయము, విమానాశ్రయము, విద్యుత్కేంద్రము, నగరము కలిపి 72,000 కోట్ల రూపాయల ప్రణాళిక. 2022 నవంబరులో పర్యావరణ అనుమతి లభించినది. ఆ పనికి 130 చదరపు కిలోమీటర్లకు పైగా అటవీభూమి కావలెను. అఖాతపు ఇసుకలో ప్రపంచమున అతిపెద్దవగు తోలువీపు తాబేళ్ళు గ్రుడ్లు పెట్టును. అచటి అభయారణ్యమును 2021 జనవరిలోనే రద్దుచేసిరి.

ప్రభుత్వ వాదము త్రోసిపుచ్చదగినది కాదు. ఓడ మార్చి పంపవలసిన భారతీయ సరకులో నాలుగింట మూడువంతులు కొలంబో, సింగపూరు, క్లాంగ్ వంటి పరాయి రేవులలో చేతులు మారుచు వచ్చినది. ఆ లాభము వారిదే. చైనా నౌకలు హిందూ మహాసముద్రమున తరచుగా సంచరించుచుండగా మలక్కా ముఖద్వారమున కన్ను వేసి యుండుట ఏ రాజ్యమైనను కోరునదే. కాని ఇన్ని లెక్కలలో దీవివాసుని లెక్క యేదని అడుగవలసి వచ్చుచున్నది. 2022 ఆగస్టులో గిరిజన మండలి అనుమతి పత్రము ఇచ్చెను. తాము విడిచివచ్చిన పూర్వికుల ఊళ్ళు కూడ ఆ పథకపు హద్దులలో పడినవని తెలిసిన మీదట, అదే సంవత్సరము నవంబరులో మండలి దానిని ఉపసంహరించుకొనెను.

మండలి అడిగినది పరిహారము కాదు. తరంగమునకు ముందు తాము నివసించిన పడమటి తీరపు ఊళ్ళకు తిరిగి పోనిమ్మనియే వారు అప్పటినుండి అర్జీలు పెట్టుకొనుచున్నారు. ఇరువది యేండ్లు దాటినవి. రాజీవ్‌నగరున పుట్టిన పిల్లలు పెండ్లియీడునకు వచ్చుచున్నారు. తమ తోటలు ఎచట నుండెడివో వారికి పెద్దలు చెప్పగా విన్నదే గాని, అచట నివసించి ఎరుగరు.