మార్కుల మెమో ముందు పెట్టుకుని

పరీక్షలు వస్తే మన సంఘాల్లో ప్రార్థన చీటీలు విద్యార్థుల పేర్లతో నిండిపోతాయి. ఎన్ని సబ్జెక్టులు మిగిలాయని పక్కన కూర్చుని అడిగే పెద్దలు మాత్రం తక్కువ. ఇంట్లో మొదటిగా కాలేజీ మెట్లెక్కిన బిడ్డ తన బ్యాక్‌లాగుల సంగతి అమ్మానాన్నలకు చెప్పలేదు. చెప్పినా వాళ్ళకు తెలియదనుకుంటుంది.

నిర్గమకాండము 18వ అధ్యాయంలో యిత్రో మోషే పనిని ముందు చూశాడు, తర్వాత ప్రశ్న అడిగాడు, ఆ తర్వాతే సలహా చెప్పాడు. మేము కోరేదీ ఆ వరుసే. మెమో, హాజరు శాతం చూడండి. ఏ సబ్జెక్టులో, ఎక్కడ ఆగిపోయిందో అడగండి. పక్కింటి పిల్లలతో పోల్చవద్దు. ప్రసంగం ఆదివారం ఎలాగూ వింటారు.

సెమిస్టరు మొదట్లోనే కూర్చోవడం మేలు. హైదరాబాద్ జేఎన్‌టీయూ బీటెక్ నిబంధనల్లో హాజరు 75 శాతం ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే అనారోగ్యంవంటి కారణం చూపి మినహాయింపు కోరవచ్చు. 65 కూడా లేకపోతే ఆ సెమిస్టరు మళ్ళీ చదవాల్సిందే. డిగ్రీకి నిర్ణీత క్రెడిట్లు కావాలి. ఈ లెక్క మొదటి నెలలో తెలిస్తే సర్దుకోవచ్చు, పరీక్ష ఫీజు కట్టేరోజు తెలిస్తే చేయగలిగేది తక్కువ.

చాలా కాలేజీల్లో విద్యార్థికి ఒక మెంటరు ఉంటారు. ఆయన పేరు తెలుసా అని అడగండి. తెలియకపోతే ఆ వారంలోనే కలిసి రమ్మనండి. మళ్ళీ కూర్చునే తేదీ లేచేముందే రాసుకోండి.

ఫెయిలైన సిగ్గుతో ఆరాధనకు రావడం మానేసినవారు మీ సంఘంలో ఉంటే, ముందు వారింటికే వెళ్ళండి. ఆ మొదటి రోజు మెమో అడగకండి.