అంబాసిడర్ ఇంజను: దాని కథ, దాని జబ్బులు



బళ్ళారి కావచ్చు, హోసూరు కావచ్చు, బరంపురం కావచ్చు, యానాం కావచ్చు. మన ఊళ్ళలో పాత మెకానిక్ షెడ్డు మిగిలి ఉంటే, దాని వెనక వేపచెట్టు కింద గాలి దిగిపోయిన టైర్లతో ఒక అంబాసిడర్ కారు కనిపించే అవకాశం ఉంది. కలెక్టరుగారు ఎక్కినదీ, పెళ్ళికొడుకు ఎక్కినదీ, పురిటినొప్పులు పడుతున్న మనిషిని అర్ధరాత్రి ఆసుపత్రికి చేర్చినదీ అలాంటి కారే. ఆ కారు గురించి కబుర్లు చాలా విన్నాం. దాని బానెట్ కింద ఉన్న పెట్రోలు ఇంజను గురించి మాత్రం తక్కువ విన్నాం. అది ఎక్కడ పుట్టింది, అన్నేళ్ళు ఎలా నిలిచింది, దానికి వచ్చే జబ్బులేమిటి అన్నది ఈ రోజు చెప్పుకుందాం.

హిందుస్థాన్ మోటార్స్ సంస్థను 1942లో బి.ఎం. బిర్లా స్థాపించారు. మొదట గుజరాత్ తీరంలోని ఓఖా రేవులో విదేశీ భాగాలు తెచ్చి కార్లు బిగించేవారు. 1948లో ఆ పని కలకత్తా దగ్గర ఉత్తరపారాకు మారింది. కేవలం బిగించడం కాదు, ఇక్కడే తయారు చెయ్యాలని ప్రభుత్వం పట్టుబట్టడంతో, జనరల్ మోటార్స్, ఫోర్డ్ వంటి విదేశీ కంపెనీలు 1950ల నడుమ మన దేశంలో కార్ల పని మూసుకుని వెళ్ళాయి. చివరికి రోడ్డుమీద ముఖ్యంగా మూడు రకాల కార్లు మిగిలాయి. ఉత్తరపారా అంబాసిడర్, బొంబాయి కుర్లాలో తయారైన ఫియట్, మద్రాసులో తయారైన స్టాండర్డ్. ఫియట్ ఇంజను 1089 సీసీ, స్టాండర్డ్ హెరాల్డ్ ఇంజను 948 సీసీ. మూడింటిలో పెద్దది అంబాసిడర్‌దే.

ఇంగ్లండులో మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో వరుస అనే కారు ఉండేది. ఆ నమూనానే 1957-58లో మన దగ్గర అంబాసిడర్ అయింది. మొదట్లో దానికి 1476 సీసీ సైడ్ వాల్వు ఇంజను ఉండేది. అంటే వాల్వులు సిలిండరు పక్కన ఉండేవి. 1959లో దాని స్థానంలో వాల్వులు పైన హెడ్డులో ఉండే 1489 సీసీ ఇంజను వచ్చింది. మన మేస్త్రీలు ఎరిగిన ఇంజను ఇదే. దీనికి ఇంగ్లండులో బి-సిరీస్ అని పేరు. ఈ వంశంలో మొదటిది 1947లో ఆస్టిన్ కారులో 1200 సీసీతో వచ్చింది. ఇదే 1489 సీసీ ఇంజనుకు రెండు కార్బురేటర్లు పెట్టి, 1955లో ఎం.జి.ఎ. అనే పరుగుపందెపు తరహా కారులో బిగించారు. మన పంచాయతీల చుట్టూ దుమ్ములో తిరిగిన ఇంజనుకు, అక్కడ పందేల్లో పరుగెత్తిన ఇంజను సొంత అన్నదమ్ముడన్నమాట!

ఇప్పుడు దాని కొలతలు చూద్దాం. సిలిండర్లు నాలుగు. బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు, 73 మిల్లీమీటర్లు. స్ట్రోకు, అంటే పిస్టను కిందికీ పైకీ నడిచే దూరం, 88.9 మిల్లీమీటర్లు. సరిగ్గా మూడున్నర అంగుళాలు. పిల్లలు బడిలో స్తూపం ఘనపరిమాణం లెక్క కడతారు కదా, అదే లెక్క కట్టి నాలుగుతో గుణిస్తే సుమారు 1489 ఘన సెంటీమీటర్లు వస్తాయి. శక్తి సుమారు 50 నుంచి 55 అశ్వశక్తి. నిప్పు అంటుకునే వరుస ఒకటి, మూడు, నాలుగు, రెండు.

వెడల్పు తక్కువ, నడక ఎక్కువ ఎందుకు? ఇంగ్లండులో 1940ల దాకా కారు పన్నును బోరు కొలతను బట్టి వేసేవారు. అందుకని బోరు తగ్గించి స్ట్రోకు పెంచడం అక్కడివారికి అలవాటయింది. పన్ను పోయినా అలవాటు పోలేదు. ఆ అలవాటు మనకు మేలే చేసింది. స్ట్రోకు పొడుగైన ఇంజను తక్కువ వేగంలో బాగా లాగుతుంది. తొమ్మిది మంది ఎక్కినా, ఘాటు రోడ్డు ఎక్కినా గునుస్తూ అయినా పోతుంది. వేగంగా తోలితే మాత్రం దానికి ఇబ్బంది. క్రాంకు షాఫ్టుకు ఆధారం మూడే బేరింగులు.

ఈ ఇంజను అంతకాలం నిలవడానికి కారణం అది గొప్పదని కాదు. దాన్ని ఎవరైనా విప్పగలరు, ఎవరైనా బిగించగలరు. బ్లాకు, హెడ్డు రెండూ పోత ఇనుము. సిలిండరు అరిగితే బోరు కొట్టించి, పెద్ద సైజు పిస్టన్లు వేసుకోవచ్చు. అదీ అరిగితే స్లీవు దింపి మళ్ళీ మొదటి సైజుకు తేవచ్చు. లేత్ మిషను ఉన్న ప్రతి ఊరూ దానికి ఆసుపత్రే. కారు బుక్ చేసి ఏళ్ళ తరబడి కాచుకున్న రోజుల్లో, ఉన్న కారును బతికించుకోవడం తప్ప జనానికి దారి లేదు.

ఇక జబ్బుల సంగతి. మొదటిది వేసవి జబ్బు. ఏప్రిల్, మే నెలల్లో మిట్టమధ్యాహ్నం కారు ఆగిపోతుంది. పెట్రోలు ఉంటుంది, కరెంటు ఉంటుంది, ఇంజను మాత్రం అంటుకోదు. ఈ ఇంజనులో పెట్రోలు లోపలికి వెళ్ళే దారీ, పొగ బయటికి వచ్చే దారీ ఒకే పక్కన ఉంటాయి. కార్బురేటరు సరిగ్గా వేడి గొట్టం పైన కూర్చుంటుంది. పెట్రోలు పంపు బ్లాకుకే బిగించి ఉంటుంది. ఆ వేడికి పెట్రోలు ఆవిరై గొట్టంలో అడ్డం పడుతుంది. డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ చుట్టి, చెట్టు నీడన బీడీ కాల్చుకుని, మళ్ళీ స్టార్టు చేసేవారు. చూసేవాళ్ళకు మంత్రంలా ఉండేది గానీ అందులో ఉన్నది మంచి భౌతికశాస్త్రం. చల్లబడితే ఆవిరి తిరిగి ద్రవమవుతుంది.

రెండోది నూనె కారడం. క్రాంకు షాఫ్టు వెనక చివర ఈ ఇంజనులో రబ్బరు సీలు లేదు. తిరిగే షాఫ్టు మీద మరలాంటి గాడి ఉండి, నూనెను వెనక్కి తోస్తుంది. పిస్టన్ రింగులు అరిగినప్పుడు ఇంజను లోపల ఒత్తిడి పెరిగి, ఆ గాడిని దాటి నూనె బయటికి వస్తుంది. కాబట్టి ఇంటి ముందు నల్లని మరక పెద్దదవుతుంటే తప్పు వెనకే ఉందని అనుకోకండి. లోపలి అరుగుదలను చూపించండి.

మూడోది హెడ్ గ్యాస్కెట్. ఇంజను పదేపదే వేడెక్కితే అది కాలిపోతుంది. రేడియేటరులో బుడగలు రావడం, డిప్‌స్టిక్కు మీద నూనె పాలు కలిపినట్టు ఉండడం దాని గుర్తులు. వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత మాత్రం తెరవవద్దు. పొగ రంగు కూడా చూడండి. నీలం పొగ నూనె కాలుతోందని చెబుతుంది. నలుపు పొగ పెట్రోలు ఎక్కువవుతోందని, ఆగకుండా వచ్చే తెలుపు పొగ నీళ్ళు లోపలికి పోతున్నాయని చెబుతాయి.

నాలుగోది పాయింట్లు. డిస్ట్రిబ్యూటరులో ఉండే ఈ చిన్న ముక్కల మధ్య సందు సుమారు 0.4 మిల్లీమీటరు ఉండాలి. ప్లగ్గు సందు సుమారు 0.6 మిల్లీమీటరు. పాయింట్లు కాలి నల్లబడితే స్టార్టింగు కష్టం. గరకు కాగితంతో రుద్దితే ఊరు చేరతారు. తరువాత కొత్తవి వేయించాలి.

ఐదోది, అన్నిటికంటే కంటికి కనపడనిది, మారిన పెట్రోలు. వెనకటి పెట్రోలులో సీసం కలిపేవారు. అది వాల్వులు కూర్చునే చోట పలచని పొరలా ఏర్పడి వాటిని కాపాడేది. ఆ సీసం గాలిలో కలిసి పిల్లల మెదడుకు హాని చేస్తుందని తేలింది. 2000 సంవత్సరం ఫిబ్రవరి నాటికి మన దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది. అది మంచి నిర్ణయం. అయితే పాత పోత ఇనుప హెడ్డులో ఎగ్జాస్టు వాల్వు తన గద్దెను కొట్టుకుంటూ లోపలికి దిగిపోతుంది. టాపెట్ సందు తగ్గుతుంది, చప్పుడు కూడా తగ్గుతుంది. ఇంజను బాగుపడిందని యజమాని సంతోషిస్తాడు. నిజానికి వాల్వు సరిగా మూసుకోక కాలిపోతూ ఉంటుంది. గట్టి ఉక్కు సీట్లు హెడ్డులో దింపించడమే దీనికి మందు. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అది తేమను పీలుస్తుంది, పాత రబ్బరును మెత్తబరుస్తుంది. అందుకని పంపులోని డయాఫ్రమ్‌నూ, రబ్బరు గొట్టాలనూ ఇథనాల్‌కు తట్టుకునే రకానికి మార్పించండి. నెలల తరబడి కారు కదలకపోతే ట్యాంకులో పెట్రోలు నిల్వ ఉంచకండి.

1990ల మొదట్లో అంబాసిడర్‌కు 1817 సీసీ ఇసుజు ఇంజను వచ్చింది. 2014 మే నెలలో కారు తయారీయే ఆగిపోయింది. విడిభాగాలు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. చెవిపెట్టి విని "మూడో సిలిండరు పనిచెయ్యడం లేదయ్యా" అని చెప్పగల మేస్త్రీలు మాత్రం ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు.

మన సరిహద్దు ఊళ్ళలో ఒక విశేషం గమనించండి. బడిలో మనం తెలుగు, కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ అని వేరువేరుగా నేర్పుతాం. షెడ్డులోకి వెళితే బోరు, టాపెట్టు, పాయింటు అందరి మాటలే. మేస్త్రీ తెలుగువాడైనా, కుర్రవాడు కన్నడంవాడైనా పని ఆగదు. ఆ విద్యకు పుస్తకం లేదు. స్పానరు అందిస్తూ, తిట్లు తింటూ నేర్చుకున్న విద్య అది. రాసిపెట్టనిది మనిషితోపాటే పోతుంది.

కాబట్టి మీ ఊళ్ళో అలాంటి పెద్ద మేస్త్రీ ఉంటే, ఒక సాయంత్రం ఆయన దగ్గర కూర్చోండి. మీ పిల్లలనూ తీసుకువెళ్ళండి. ఏ చప్పుడుకు ఏ జబ్బో అడిగి, ఆయన చెప్పిన మాటల్లోనే ఒక నోటుపుస్తకంలో రాయించండి. ఏ భాషలో రాసినా ఫరవాలేదు.