సాక్సోఫోన్ నవ్యసంగీతం - రసికుల వాదోపవాదాలు

భాసుడు, సౌమిల్లకుడు, కవిపుత్రుడు వంటి లబ్ధప్రతిష్ఠుల రచనలుండగా వర్తమాన కవియైన కాళిదాసు కృతిని ప్రదర్శించడమెందుకన్న ప్రశ్న 'మాళవికాగ్నిమిత్రం' ప్రస్తావనలోనే వినిపిస్తుంది. కొత్త కళ ఎదుట సభాసదులు రెండుగా చీలడం మనకు కొత్త కాదు. 1939లో పఠాభి 'ఫిడేలు రాగాల డజన్' వెలువడినప్పుడు తెలుగు సాహిత్యలోకంలో రేగిన అలజడి కూడా అటువంటిదే. ఇరవయ్యవ శతాబ్దపు సంగీతచరిత్రలో ఈ ప్రశ్న అత్యంత తీవ్రంగా తలెత్తిన సందర్భాలలో ఒకటి 1959-67 మధ్య అమెరికాలో నల్లజాతి సాక్సోఫోన్ విద్వాంసులు వెలువరించిన రికార్డులది. ఆ సంగీతకారుల చరిత్ర పలువురు రాశారు. వారిని విన్నవారి చరిత్ర కూడా అంతే ఆసక్తికరమైనది. ఒక కళారూపం బతకడానికి ప్రశంస ఎంత అవసరమో, నిజాయితీగల అభ్యంతరం కూడా అంత అవసరమని ఆ చరిత్ర నిరూపిస్తుంది.

బెల్జియం దేశీయుడైన అడాల్ఫ్ సాక్స్ 1846లో పారిస్‌లో పేటెంటు పొందిన వాద్యం సాక్సోఫోన్. ఒడలు ఇత్తడిదే అయినా, మన నాదస్వరంలో వలె దీనిలోనూ నాదాన్ని పుట్టించేది రెల్లుపత్తి. ఊపిరి ఒత్తిడిని బట్టి, పెదవుల బిగువును బట్టి ఒకే స్వరం మూలుగుగా, కేకగా, నవ్వుగా మారగలదు. మనిషి గొంతుకు ఇంత చేరువ కావడం వల్లనే జాజ్ సంగీతంలో దీనికి అగ్రస్థానం దక్కింది. 1950ల వరకు ప్రచారంలో ఉన్న జాజ్ పద్ధతిలో ఒక పాటకు ఆధారమైన 'కార్డులు' అనే స్వరసమ్మేళనాల వరుస చక్రంలా తిరిగి వస్తుండగా, వాద్యకారుడు ఆ చక్రానికి లోబడి తన కల్పనను ప్రదర్శించేవాడు. తాళావర్తనానికి కట్టుబడి కల్పనాస్వరాలు వేసే మన విద్వాంసుల మనోధర్మంతో దీనిని కొంతవరకు పోల్చవచ్చు. వివాదానికి మూలం ఈ చక్రమే.

టెక్సస్ రాష్ట్రంలోని ఫోర్ట్‌వర్త్‌లో 1930లో జన్మించిన ఆర్నెట్ కోల్‌మన్ ఆ చక్రాన్ని పక్కకు పెట్టాడు. రాగభావం ఎటు నడిపిస్తే అటు వెళ్ళడమే తప్ప, ముందుగా నిర్ణయించిన స్వరసమ్మేళనాల దారిలో నడవనక్కరలేదన్నది అతని మతం. ఇందుకు అతడు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. 1949లో లూసియానాలోని బేటన్ రూజ్‌లో ఒక నాట్యశాలలో వాయించిన రాత్రి, కొందరు తనను బయట చితకబాది సాక్సోఫోన్‌ను ధ్వంసం చేశారని అతడే తరువాత చెప్పుకున్నాడు. సంగీతంపై ఒక అభిప్రాయం అంత క్రూరంగా కూడా వ్యక్తం కాగలదు. అనంతరకాలంలో అతడు తెల్లని ప్లాస్టిక్ సాక్సోఫోన్‌తో కనిపించేవాడు. దానిని చూసి నవ్వినవారూ ఉన్నారు.

1959 నవంబరులో న్యూయార్క్‌లోని 'ఫైవ్ స్పాట్' అనే చిన్న క్లబ్బులో అతని బృందం వాయించడం ఆరంభించింది. రెండు వారాలకని కుదిరిన కార్యక్రమం రెండు నెలలు దాటి సాగింది. వినవచ్చినవారిలో సంగీతకారులే అధికం. సింఫనీ నిర్వాహకుడైన లెనార్డ్ బెర్న్‌స్టీన్ ఆనందపరవశుడయ్యాడు. పాతతరం ట్రంపెట్ విద్వాంసుడు రాయ్ ఎల్డ్రిడ్జ్‌కు ఇదంతా బూటకంగా తోచింది. ఒక తరం క్రితం తానే విప్లవకారుడిగా పేరుపొందిన డిజీ గిలెస్పీ, ఇతడు వాయించేది ఏమిటో తనకు తెలియదు గాని అది జాజ్ మాత్రం కాదన్నాడు. చార్లెస్ మింగస్ మాత్రం సందేహాన్నీ మెచ్చుకోలునూ కలగలిపి, తప్పునే ఒప్పుగా వాయించే పద్ధతి ఇదని వ్యాఖ్యానించాడు. నిన్నటి తిరుగుబాటుదారు నేటి సంప్రదాయరక్షకుడు కావడం కళాచరిత్రలో తరచు కనిపించే విషయమే.

1960 డిసెంబరు 21న కోల్‌మన్ న్యూయార్క్‌లో రికార్డు చేసిన 'ఫ్రీ జాజ్' ఈ వాదాన్ని పరాకాష్ఠకు చేర్చింది. నలుగురేసి సభ్యులున్న రెండు బృందాలు ఏకకాలంలో సుమారు 37 నిమిషాలు వాయించాయి. స్టీరియో రికార్డులో ఒక బృందం ఎడమవైపు, రెండవది కుడివైపు వినబడుతుంది. లాంగ్ ప్లే రికార్డు ఒక ముఖంపై అంత నిడివి ఇమడదు కనుక సంగీతాన్ని నడుమ ఆపి రెండవ ముఖంపై కొనసాగించవలసి వచ్చింది. శ్రోత మధ్యలో లేచి వెళ్ళి రికార్డు తిప్పాలి. అయితే ఆ రికార్డే అతనికొక సౌకర్యాన్ని కూడా ఇచ్చింది. కచేరీలో ఒక్కసారి విని మరచిపోయే ధ్వనిని ఇంటిలో పదేపదే వినవచ్చు. మొదటిసారి గోలగా తోచినదానిలో ఐదవసారి సంభాషణ వినిపించవచ్చు, వినిపించకపోవనూ వచ్చు. తీర్పును పునర్విచారించుకునే అవకాశం సామాన్య రసికునికి లభించింది.

షికాగో నుండి వెలువడే 'డౌన్ బీట్' పత్రిక ఈ రికార్డు విషయంలో అనుసరించిన పద్ధతి పత్రికాచరిత్రలో పేర్కొనదగినది. 1962 జనవరి 18 సంచికలో ఒకే రికార్డుకు రెండు సమీక్షలు ప్రచురించింది. పీట్ వెల్డింగ్ ఐదు నక్షత్రాలిచ్చాడు. ఇది సంప్రదాయాన్ని తెంచుకోలేదని, తొలినాళ్ళ జాజ్‌లో ఉండి పెద్ద వాద్యబృందాల కాలంలో మరుగునపడిన సామూహిక మనోధర్మాన్ని తిరిగి తెచ్చిందని అతని వాదం. జాన్ టైనన్ ఒక్క నక్షత్రమైనా ఇవ్వలేదు. ఈ ఎనిమిదిమందిలోనూ సమష్టి తత్త్వమంటూ ఉంటే అది తమకు జన్మనిచ్చిన సంగీతాన్ని నాశనం చేయడానికి ఒకచోట చేరడమేనని అతని ఆరోపణ. సంపాదకులు ఏ పక్షాన్నీ తమ తీర్పుగా ప్రకటించలేదు. పాఠకుల లేఖలకు ఆ పత్రిక పెట్టిన శీర్షిక పేరు 'కార్డ్స్ అండ్ డిస్కార్డ్స్'. సామరస్యానికీ అపస్వరానికీ సమానస్థానమిచ్చిన ఆ పేరు ఎంతో సముచితమైనది.

ఇదే టైనన్ 1961 నవంబరు 23 సంచికలో, హాలీవుడ్‌లోని ఒక క్లబ్బులో తాను విన్న జాన్ కోల్ట్రేన్, ఎరిక్ డాల్ఫీల వాద్యాన్ని 'జాజ్ వ్యతిరేక' ధోరణిగా అభివర్ణించాడు. ఆ మాట ముద్రలా అంటుకుంది. పత్రిక ఆ ఇద్దరినీ పిలిచి జవాబు చెప్పుకునే అవకాశమిచ్చింది. 1962 ఏప్రిల్ 12 సంచికలో వెలువడిన ఆ సంభాషణలో వారెవరూ ఎదురుదాడికి దిగలేదు. విమర్శకుడు తమతో మాట్లాడి ఉంటే బాగుండేదన్నట్లుగానే కోల్ట్రేన్ మాటలు సాగాయి. డాల్ఫీ పక్షుల ప్రస్తావన తెచ్చాడు. పాశ్చాత్య స్వరాల నడుమ పక్షులు వేరే స్వరాలు పలుకుతాయని, భారతీయ సంగీతంలోనూ అటువంటి గుణమే ఉన్నదని, దానికి ఏ పేరు పెట్టాలో తెలియకపోయినా అది అందమైనదని అతని భావం. శ్రుతిభేదాల సూక్ష్మతకు అలవాటుపడిన మన చెవులకు ఈ వాదం వింత కాదు.

భారతదేశంతో కోల్ట్రేన్ అనుబంధం ఇంతకన్న లోతైనది. 1961 నవంబరులో న్యూయార్క్ 'విలేజ్ వాన్‌గార్డ్' క్లబ్బులో అతడు 'ఇండియా' అనే రచనను వాయించాడు. స్వరసమ్మేళనాల మార్పులు తగ్గి, ఆధారశ్రుతివంటి నాదం నిరంతరం సాగుతుండగా దానిపై సాక్సోఫోన్ ఆలపిస్తుంది. 1963లో వెలువడిన 'ఇంప్రెషన్స్' రికార్డులో ఇది చేరింది. 1965లో పుట్టిన కుమారునికి అతడు పండిట్ రవిశంకర్ పేరిట రవి అని నామకరణం చేశాడు. కాని ఆ రవిశంకరే కోల్ట్రేన్ వాద్యాన్ని విని సంపూర్ణంగా సంతృప్తి చెందలేదు. ప్రతిభకు ముగ్ధుడైనప్పటికీ, యోగాభ్యాసం వైపు మళ్ళి భగవద్గీత చదువుతున్న వ్యక్తి సంగీతంలో ఇంత సంక్షోభం ఎందుకు వినిపిస్తున్నదో తనకు అర్థం కాలేదని ఆయన చెప్పాడు.

ఈ అభిప్రాయం ఆలోచించదగినది. ఇది తిరస్కారం కాదు, గౌరవంతో వేసిన ప్రశ్న. నాదానికి ఫలం శాంతమని విశ్వసించే సంప్రదాయం నుండి అది వచ్చింది. అయితే భక్తికి ఆర్తి అనే ముఖం కూడా ఉన్నదని మనకు తెలియనిది కాదు. గోల్కొండ చెరసాలలో రామదాసు రామునితో ఆడిన నిష్ఠూరాలను కీర్తనలుగా పాడుకుంటున్న జాతి మనది. కోల్ట్రేన్ సంక్షోభానికి అతని కాలంలోనే కారణాలున్నాయి. 1963 సెప్టెంబరు 15న అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లోని నల్లజాతివారి చర్చిలో పేలిన బాంబు నలుగురు బాలికలను బలిగొన్నది. రెండు నెలల తరువాత అతడు రికార్డు చేసిన 'అలబామా' అతి మెల్లని విలాపం. ఆ సంగీతాన్ని నల్లజాతి అనుభవం నుండి విడదీసి తూచరాదని 'బ్లూస్ పీపుల్' (1963) గ్రంథకర్త లిరోయ్ జోన్స్, అనంతరకాలపు అమీరి బరాకా, గట్టిగా వాదించాడు.

అలాగని నచ్చలేదన్న ప్రతి శ్రోతనూ దురభిమానిగా ముద్రవేయడం న్యాయం కాదు. ఆంగ్లకవి ఫిలిప్ లార్కిన్ 1961 నుండి పదేళ్ళు 'డైలీ టెలిగ్రాఫ్' పత్రికలో జాజ్ రికార్డులు సమీక్షించాడు. కోల్ట్రేన్ అతనికి ఏనాడూ రుచించలేదు. 1970లో ఆ సమీక్షలను గ్రంథంగా వెలువరిస్తూ, పార్కర్, పౌండ్, పికాసోలను ఒకే గాటను కట్టి, ఆధునికత కళను ఆస్వాదకుని నుండి దూరం చేసిందని విరుచుకుపడ్డాడు. ఆ తీర్పుతో ఏకీభవించనివారు కూడా అందులోని ఒక ప్రశ్నను దాటవేయలేరు: శ్రోతను ఆనందింపజేయవలసిన బాధ్యత కళాకారునికి ఎంతవరకు ఉన్నది?

ఈ వాదాలు కేవలం రుచిభేదాలు కావు. క్లబ్బు తలుపులు తెరుచుకోవడం, మూసుకోవడం వీటిపైననే ఆధారపడేది. ఆల్బర్ట్ ఐలర్ జీవితమే ఇందుకు ఉదాహరణ. 1964 జూలై 10న ముగ్గురితో అతడు రికార్డు చేసిన 'స్పిరిచ్యువల్ యూనిటీ' నిడివి అరగంటకు మించదు. బాలగీతాలవంటి సరళమైన వరుసలు క్షణంలో ఆర్తనాదాలుగా మారే ఆ ధ్వని కొందరికి దైవప్రార్థన, కొందరికి వెర్రికేక. 1967 జూలై 17న నలభై యేళ్ళ వయస్సులో కోల్ట్రేన్ మరణించగా, నాలుగు రోజుల తరువాత జరిగిన అంత్యక్రియలలో ఐలర్, కోల్‌మన్‌ల బృందాలు వాయించాయి. 1970 నవంబరులో ఐలర్ మృతదేహం న్యూయార్క్ ఈస్ట్ నదిలో లభించింది. అతని వయస్సు 34 సంవత్సరాలు. రసికులలో కొందరి ఆరాధన అతనికి దక్కింది గాని, నిలకడైన జీవనోపాధి దక్కలేదు.

వ్యాపారసంస్థలు ఆదరించనిచోట ఈ సంగీతాన్ని నిలబెట్టినవారు కొద్దిమంది శ్రోతలే. జర్మనీకి చెందిన పీటర్ బ్రోట్స్‌మన్ 1968లో 'మెషీన్ గన్' రికార్డును తానే ముద్రించుకున్నప్పుడు తొలి ముద్రణ 300 ప్రతులు మాత్రమే. జపానులో విదేశీ రికార్డులు కొనలేని విద్యార్థులు, ఉద్యోగులు జాజ్ కాఫీ దుకాణాలలో ఒక కప్పు కాఫీతో గంటలకొద్దీ మౌనంగా వినేవారు. కొన్ని దుకాణాలలో మాట్లాడటం కూడా నిషిద్ధం. ముందు శ్రద్ధగా వినడం, ఆ తరువాతనే అభిప్రాయం చెప్పడం అన్న సంస్కారాన్ని ఆ చిన్న గదులు పెంపొందించాయి.

కాలక్రమాన అధికారిక గౌరవాలు వచ్చాయి. 2007లో కోల్‌మన్ 'సౌండ్ గ్రామర్' రచనకు పులిట్జర్ బహుమతి లభించింది. 1959లో రికార్డయిన అతని 'ది షేప్ ఆఫ్ జాజ్ టు కమ్' అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి జాతీయ రికార్డుల పట్టికలో 2012 సంవత్సరపు ఎంపికగా చేరింది. 2015లో అతడు మరణించినప్పుడు సంతాపం ప్రకటించనివారు లేరు. ఐనా వాదం ముగియలేదు. కోల్ట్రేన్ 'ఎ లవ్ సుప్రీమ్'ను ప్రాణప్రదంగా భావించే రసికులలో కొందరు, 1965 జూన్ 28న పదకొండుమందితో అతడు రికార్డు చేసిన 'అసెన్షన్' దగ్గర నేటికీ ఆగిపోతారు. మొదట ఒక ఆవృత్తి విడుదలై, తరువాత దానికి బదులు మరొకటి చేర్చబడటంతో, ఆ రికార్డును ప్రేమించేవారిలో సైతం ఏది మేలన్న చర్చ సాగుతూనే ఉన్నది. బహుమతి ఒక కృతిని గౌరవించగలదు గాని, శ్రోత చెవికి బదులుగా వినలేదు.

చివరిగా ఒక విషయం. 1961 ఆగస్టులో న్యూయార్క్ 'విలేజ్ గేట్' క్లబ్బులో కోల్ట్రేన్, డాల్ఫీలు వాయిస్తుండగా, కొత్త ధ్వనిపరికరాలను పరీక్షించేందుకు ఒక ఇంజనీరు ఒకే మైకుతో టేపు చేశాడు. ఆ టేపులు చేతులు మారి న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ ధ్వనిభాండాగారంలో చేరి, ఎవరి దృష్టికీ రాకుండా ఉండిపోయాయి. 2023లో అవి రికార్డుగా వెలువడ్డాయి. 'జాజ్ వ్యతిరేక' ముద్ర పడటానికి కొద్ది నెలల ముందు ఆ ఇద్దరి వాద్యం ఎలా ఉండేదో 62 ఏళ్ళ తరువాతి శ్రోతలు స్వయంగా వినగలిగారు. టైనన్ మాటలు పత్రిక పుటలలో భద్రంగా ఉన్నాయి, ఆ నాదం టేపులో భద్రంగా ఉన్నది. రెంటినీ పక్కపక్కన పెట్టుకుని ఎవరి నిర్ణయానికి వారు రావచ్చు. తీర్పు చెప్పడానికి తొందరపడకుండా కృతినీ, దానిపై వచ్చిన అభ్యంతరాన్నీ కూడా దాచిపెట్టడమే సాంస్కృతిక సంస్థలు భావితరాల రసికులకు చేయగల మేలు.