సెరంగూన్ రోడ్డు: సున్నం బట్టీ నుంచి ఆదివారం బస్సు దాకా

సింగపూర్‌లో పనిచేసే తెలుగువాడికి సెరంగూన్ రోడ్డు తెలియకపోవడం ఉండదు. కొత్తగా దిగినవాడికి కూడా మొదటి ఆదివారమే ఎవరో ఒకరు దారి చూపిస్తారు. ఊరికి డబ్బు పంపాలన్నా, కందిపప్పు, గోంగూర పచ్చడి కొనాలన్నా, మన ఊరివాడు ఎవరైనా కనబడతాడేమో చూడాలన్నా అక్కడికే. లిటిల్ ఇండియా అని పర్యాటకుల పుస్తకాల్లో రాస్తారు గానీ, మనవాళ్ళలో చాలామందికి అది ఉత్త 'టెక్కా'నే.

మేము ఆఫీసుల్లో క్లర్కులం. బిల్లులు, వోచర్లు, హాజరు పట్టీలు చూసుకునే వాళ్ళం, ఇంటర్ దాకా చదువుకున్నాం. చరిత్రకారులం కాము. అయితే వారం వారం అదే వీధిలో తిరుగుతూ ఉంటే, ఈ కొట్లు ఎప్పటివి, ఎందుకు ఇక్కడే పుట్టాయి, పక్కనే పెద్ద పెద్ద మాల్స్ వచ్చినా ఇవి ఎలా నిలబడ్డాయి అనే ప్రశ్నలు వస్తాయి. చదివినదీ చూసినదీ కలిపి పాఠక మిత్రుల ముందు పెడుతున్నాం.

ఈ వీధిని చూడాలంటే రైలు కంటే బస్సే మంచిదని మా అభిప్రాయం. రైలు నేల కింద నుంచి తెచ్చి ఒక్కచోట వదిలేస్తుంది, బస్సు వీధి మొత్తం చూపిస్తుంది. ఆర్చర్డ్ రోడ్డు, ధోబీ ఘాట్ వైపు నుంచి వచ్చే 65 నంబరు ఎక్కి పై అంతస్తులో ముందు సీటు పట్టుకోండి. ఈ భాగంలో సెరంగూన్ రోడ్డు వన్‌వే. ఎడమ పక్క టెక్కా మార్కెట్టు, బఫెలో రోడ్డు, వీరమాకాళి అమ్మన్ గుడి. కుడి పక్క కాంప్‌బెల్ లేన్, డన్‌లప్ స్ట్రీట్, కఫ్ రోడ్డు, ముస్తఫా ఉన్న సయ్యద్ అల్వీ రోడ్డు. ఇంకాస్త ముందుకు వెళితే ఎడమ పక్కనే శ్రీనివాస పెరుమాళ్ గుడి. ఈ గుడి 1855 నాటిది. మన వెంకన్నే అక్కడ పెరుమాళ్.

1828 నాటి పటంలోనే ఈ దారి ఉంది. దాన్ని బాగుచేసి రోడ్డుగా మార్చింది ఎక్కువగా మన దేశపు ఖైదీలు. 1825 నుంచి 1873 దాకా ఇంగ్లీషువాళ్ళు మద్రాసు, బెంగాల్, బొంబాయి రాష్ట్రాల నుంచి ఖైదీలను ఇక్కడికి తెచ్చి రోడ్లు, గుళ్ళు, చర్చిలు, కచేరీలు కట్టించారు. సెరంగూన్ రోడ్డు పక్కన ఇటుక బట్టీలు, సున్నం బట్టీలు ఉండేవి. తమిళులు ఈ ప్రాంతాన్ని 'సుణ్ణాంబు కంబం' అనేవారు, అంటే సున్నం వాడ. 1850లలో మొదలై 1860లలో పూర్తయిన సెయింట్ ఆండ్రూస్ చర్చి గోడలకు వాళ్ళు పూసింది మద్రాసు సున్నం. అందులో గుడ్డు తెల్లసొన, ముతక చక్కెర, కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్ళు కలిపేవారు. మన ఊళ్ళలో పాత మిద్దెలకు గానుగ సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపినట్టే. ఇప్పుడు ఏసీ హోటళ్ళలో ఉంటూ ఆ చర్చిని ఫొటోలు తీసుకునేవారికి ఆ గోడ మీద చెయ్యి ఎవరిదో ఎవరు చెబుతారు?

ఇక్కడ ఒక చిన్న పక్కమాట. మలయా దేశంలో పూర్వం మన దేశస్థులను 'క్లింగ్' అనేవారు. అది కళింగ నుంచి వచ్చిన మాట అని పండితులు చెబుతారు. అంటే మన శ్రీకాకుళం తీరం పేరు. తరువాత అది తిట్టుగా మారిపోయింది, ఇప్పుడు ఎవరూ మర్యాదకు వాడరు. టెక్కాలో శ్రీకాకుళం కుర్రాళ్ళు కనబడినప్పుడల్లా మాకు ఆ సంగతి గుర్తొస్తుంది.

సున్నం తరువాత పశువులు వచ్చాయి. బఫెలో రోడ్డు, 'కెర్బావ్' రోడ్డు (మలయ్‌లో కెర్బావ్ అంటే గేదె) పేర్లు ఊరికే పెట్టినవి కావు. పక్కనే నీళ్ళు, గడ్డి ఉండడం వల్ల 19వ శతాబ్దంలో ఇక్కడ పశువుల వ్యాపారం బాగా సాగింది. 1842లో ఫారర్ పార్క్ దగ్గర గుర్రప్పందేల మైదానం వెలిసింది, అది 1933 దాకా నడిచింది. రేస్ కోర్స్ రోడ్డు పేరు అందుకే. ఎద్దుబండ్లు, పాలవాళ్ళు, గడ్డివాళ్ళు, నూనె గానుగలు, పిండి మరలు అన్నీ పశువు చుట్టూ అల్లుకున్న పనులే. ఒకడి పనిలో మిగిలింది ఇంకొకడికి ముడిసరుకు. ఈ రోజుల్లో పర్యావరణం, నిలకడైన వ్యాపారం అని సెమినార్లు పెట్టి చెబుతున్నది వాళ్ళు పేరు తెలియకుండానే చేశారు. అలాగని అంతా బంగారమనీ అనము. దుర్వాసన, ఈగలు, రోగాలు ఉండేవి. 1930ల నడుమకల్లా మున్సిపాలిటీ నిబంధనలు పశువులను పంపించేశాయి. మనుషులు మిగిలారు, కొట్లు పెట్టారు.

కొట్లకు జనం కావాలి, జనానికి బండి కావాలి. సింగపూర్‌లో 1905లో కరెంటు ట్రాములు వచ్చాయి. 1926లో ట్రాలీ బస్సులు మొదలై, మరుసటి ఏడాదికి ట్రాములు పోయాయి. ట్రాలీ బస్సులు 1962 దాకా తిరిగాయి. వాటి మధ్యలో దూరుతూ 'మస్కిటో బస్సులు' అని ఏడుగురు కూర్చునే చిన్న బండ్లు ఉండేవి. మన ఊరి షేర్ ఆటోల వంటివన్న మాట. తరువాత చాలా కంపెనీలు వచ్చి, చివరికి 1973లో కలిసి సింగపూర్ బస్ సర్వీస్ అయ్యాయి. నౌకాశ్రయంలో, రైల్వేలో, మున్సిపాలిటీలో పనిచేసే మన దేశస్థులు ఎక్కడ కాపురమున్నా సరుకులకు సెరంగూన్ రోడ్డుకు రాగలిగారంటే ఈ బస్సుల చలవే.

ఆనంద భవన్ 1924 నాటి పేరు, కోమల విలాస్ 1947లో మొదలైంది. పి. గోవిందసామి పిళ్ళై గారు 1905లో తమిళదేశం నుంచి వచ్చి సరుకుల కొట్లో పనికి చేరి, తరువాత తానే పెద్ద వ్యాపారి అయ్యారు. పెరుమాళ్ గుడి రాజగోపురానికి డబ్బు పెట్టింది ఆయనే. ముస్తఫా కూడా 1971లో కాంప్‌బెల్ లేన్‌లో చిన్న బట్టల కొట్టుగానే మొదలైంది.

ఇన్ని చిన్న కొట్లు ఇంతకాలం బతకడానికి ఒక చట్టం కూడా కారణం. దీన్ని చాలామంది మరచిపోతారు. 1947లో వచ్చిన అద్దె నియంత్రణ చట్టం పాత ఇళ్ళ అద్దెలను కట్టేసింది. అద్దె పెరగదు గనుక ఓనరు మరమ్మతు చేయించడు, కొట్టువాడు కదలడు. ఇళ్ళు పాతబడ్డాయి గానీ కొట్లు మాత్రం నిలిచాయి. 1989లో లిటిల్ ఇండియాను పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు, గోడలకు రంగులు పడ్డాయి. 2001లో ఆ అద్దె చట్టాన్ని పూర్తిగా ఎత్తివేశారు. గోడను కాపాడడానికి చట్టం ఉంది, గోడ వెనకాల కొట్టును కాపాడేది పోయింది. లెక్కలు రాసే వాళ్ళం గనుక మాకు ఇది స్పష్టంగా కనబడుతుంది: అద్దె కాలమ్ పెరిగితే, పసుపు పొట్లాం మీద వచ్చే లాభం దాన్ని ఎప్పటికీ అందుకోలేదు.

టెక్కా మార్కెట్టు సంగతి వేరు. 1915లో కట్టిన పాత మార్కెట్టును 1982లో కూల్చి, రోడ్డుకు ఇవతల కొత్త భవనంలోకి మార్చారు. కొంతకాలం 'జూజియావ్' అని చైనా ఉచ్చారణతో పేరు పెట్టారు గానీ జనం నోట అది నిలవలేదు, 2000లో మళ్ళీ టెక్కా అయింది. కింద కూరగాయలు, చేపలు, మాంసం, తినే కొట్లు. పై అంతస్తులో బట్టలు, కుట్టుమిషన్లు. మాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ పై అంతస్తే. ప్యాంటు నడుము వదులు చేయడం, చొక్కా కాలరు తిప్పి కుట్టడం, జిప్పు మార్చడం అక్కడ జరుగుతాయి. చొక్కా కాలరు తిప్పి కుట్టించుకునే పద్ధతి మన నాన్నల కాలంతో పోయిందనుకుంటారు, పోలేదు. రెండు చొక్కాలతో నెలంతా ఆఫీసుకు వెళ్ళే గుమాస్తా ఉన్నంతకాలం పోదు. తంబీ అని పిలిచి, కొలత కూడా తీయకుండా చూపుతోనే అంచనా వేసే టైలర్లు ఉన్నారు. కొత్త చొక్కా కొనమని వాళ్ళు చెప్పరు, పాతది చాలునంటారు. వ్యాపారం అంటే ఎప్పుడూ కొత్తది అంటగట్టడమే అనుకునేవారు ఒకసారి ఆ మెట్లు ఎక్కి చూడాలి.

పాతదాన్ని వాడుకలో ఉంచడంలో అన్నిటికీ పెద్దక్క లాంటిది సుంగై రోడ్డు సంత. సెరంగూన్ రోడ్డు నుంచి నడిచిపోయే దూరమే. 'దొంగల బజారు' అని పేరు పడింది గానీ అక్కడ కూర్చునేవారిలో ఎక్కువమంది ముసలివాళ్ళు, పాత సామాన్లు ఏరుకుని బతికేవాళ్ళు. 1930లలో రోచోర్ కాలువ గట్టున మొదలైంది. అద్దె లేదు. నేల మీద ప్లాస్టిక్ పట్టా పరిస్తే అదే దుకాణం. పాత గడియారాలు, బూట్లు, రేడియోలు, ఛార్జర్లు, పనిముట్లు, ఇంకొకరి పెళ్ళి ఫొటోలు కూడా! మన సైటు కార్మికులు అక్కడ సేఫ్టీ బూట్లు, సెల్‌ఫోన్లు కొనేవారు. ఇంటింటికీ తిరిగి పాత సామాను కొనేవారిని ఇక్కడ 'కారుంగ్ గూనీ' అంటారు. మలయ్‌లో కారుంగ్ అంటే సంచి, గూనీ అంటే మన గోనె. ఒక్క సంచికి రెండు దేశాల పేర్లు. మన ఊళ్ళలో పాత ఇనుముకు ఉల్లిపాయలిచ్చేవాడు గుర్తొస్తాడు.

మెట్రో పనుల కోసం 2011లో ఆ సంతను సగానికి కుదించారు. 2017 జూలై 10న పూర్తిగా మూసేశారు. అదే ఏడాది అక్టోబరులో దగ్గరలోనే జలాన్ బెసార్ స్టేషను తెరిచారు. స్టేషను వద్దని మేము అనము, మేమూ వాడుకుంటున్నాం. కానీ ఎనభై ఏళ్ళు ఎవరి దగ్గరా రూపాయి సాయం లేకుండా నడిచిన సంతకు, అన్నీ లెక్కగా ఉన్న ఇంత ఊళ్ళో ఒక మూల దొరకకపోవడం మాకు మింగుడు పడలేదు. అది పోయాక సెకండ్‌హ్యాండ్ బూట్లు ఎక్కడ దొరుకుతాయని కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు అడిగితే చెప్పడానికి అంత సులువైన చోటు లేదు.

ఇక ఆదివారం బస్సుల మాట. 1980ల తరువాత కట్టడాల పనికి వచ్చే మన దేశస్థులు, బంగ్లాదేశీయులు పెరిగారు. డార్మెటరీలు ఊరి చివర. అక్కడి నుంచి ప్రైవేటు బస్సులు జనాన్ని తెచ్చి టెక్కా దగ్గర దింపి, రాత్రికి తీసుకుపోయేవి. వారంలో ఆరు రోజులు లారీ వెనక కూర్చుని సైటుకు వెళ్ళే మనిషికి, సీటున్న బండిలో కూర్చోవడం ఆ ఒక్క రోజే. వీధిలోని సగం కొట్ల లెక్క ఆ బస్సుల మీదే నడిచేది.

2013 డిసెంబరు 8, ఆదివారం రాత్రి. రేస్ కోర్స్ రోడ్డు, హాంప్‌షైర్ రోడ్డు కలిసేచోట అలాంటి ఒక బస్సు కింద పడి తమిళనాడుకు చెందిన 33 ఏళ్ళ కార్మికుడు చనిపోయాడు. జనం తిరగబడ్డారు, వాహనాలు తగలబడ్డాయి. నలభై ఏళ్ళకు పైగా సింగపూర్ అలాంటిది చూడలేదు. కేసులు పెట్టారు, కొందరిని జైలుకు, ఎంతోమందిని దేశానికి పంపించారు. తరువాతి వారాంతంలో ఆ బస్సులు ఆపేశారు, మద్యం నిషేధించారు. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు ట్రిప్పులు తగ్గించారు. 2015లో కొత్త మద్యం చట్టం వచ్చి లిటిల్ ఇండియాను నియంత్రణ ప్రాంతంగా చేసింది. మద్యం తగ్గడం మంచిదే అనేవాళ్ళం మాలో ఉన్నాం, కాదనేవాళ్ళూ ఉన్నారు. కానీ బస్సు తగ్గితే నష్టపోయింది మద్యం కొట్టొక్కటే కాదు. ఇడ్లీ కొట్టు, క్షౌరశాల, పూల కొట్టు కూడా.

అంతకంటే పెద్ద దెబ్బ 2020 ఏప్రిల్‌లో. కరోనాకు డార్మెటరీలు మూసేశారు. నెలలు కాదు, ఏళ్ళు గడిచాయి. 2021 సెప్టెంబరులో ప్రయోగంగా వారానికి 500 మందిని మాత్రం కొన్ని గంటలు బయటికి తీసుకొచ్చారు, మొదట చూపించింది లిటిల్ ఇండియానే. 2022 జూన్ 24 నుంచి మిగతా చోట్లకు పాస్ అక్కర్లేదన్నారు గానీ, ఆదివారాలు, సెలవు రోజుల్లో లిటిల్ ఇండియాతో కలిపి నాలుగు చోట్లకు మాత్రం పాస్ ఉండాలన్నారు. ఆ రోజుల్లో మేము బయట ఫ్లాట్లలో ఉండేవాళ్ళం గనుక వెళ్ళగలిగాం. ఆదివారం సాయంత్రం ఏడింటికి టెక్కా ముందు ఖాళీగా నిలబడి రోడ్డు దాటడం ఎంత సులువో చూసి మాకు బాధ వేసింది. ఆ రెండేళ్ళలో షట్టర్ దించిన కొట్లు కొన్ని మళ్ళీ లేవలేదు.

ఇప్పుడు జనం తిరిగి వచ్చారు. కాలింగ్ కార్డుల కొట్లు మాత్రం రాలేదు, వాటిని వాట్సాప్ ఎప్పుడో మింగేసింది. వీడియో క్యాసెట్ల కొట్లకు అంతకు ముందే అదే గతి. నిలిచినవి ఏవంటే చేతి పని ఉన్నవి: కుట్టుపని, చెప్పులు కుట్టడం, మాలలు కట్టడం, పొడులు ఆడించడం, అరిటాకు భోజనం. మాలల దగ్గర మాకొక సందేహం ఉంది. మల్లెపూలు మన దేశం నుంచి విమానంలో వస్తాయి, అలాంటప్పుడు అది స్థానిక వ్యాపారమా కాదా అని మాలో మేమే వాదించుకుంటాం. దారం మాత్రం ఇక్కడిది, కట్టే చెయ్యి ఇక్కడిది. 2023 జూలై 3 నుంచి పెద్ద సూపర్‌మార్కెట్లలో ప్లాస్టిక్ సంచికి కనీసం 5 సెంట్లు కట్టాలి. సెరంగూన్ రోడ్డు చిన్న కొట్లకు ఆ రూలు లేదు, ఇంకా ధారాళంగా ఇస్తారు. మీరు వద్దనండి, బియ్యం తెచ్చిన గుడ్డ సంచి మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళండి.

వెళ్ళేవారికి ఒక మాట. ఆదివారం మధ్యాహ్నం రెండు దాటితే టెక్కా పై అంతస్తు టైలర్ల దగ్గర రద్దీ. ఉదయమే ఇచ్చి, పెరుమాళ్ గుడికి వెళ్ళి, భోజనం చేసి వస్తే సాయంత్రానికి ప్యాంటు సిద్ధంగా ఉంటుంది. తిరుగు బస్సు సెరంగూన్ రోడ్డు మీద దొరకదు, వన్‌వే కదా. ఊళ్ళోకి పోవాలంటే జలాన్ బెసార్ మీదికి నడవాలి. మూసేసిన సంత చోటు ఆ దారిలోనే వస్తుంది.