‘కాలం’ అంటే వేగం

చిక్కడపల్లి త్యాగరాయ గానసభ గడప తొక్కేవారికి ‘కాలం’ అంటే గడియారం ఒక్కటే కాదు, వేగం కూడా. సంస్కృతం నుంచి వచ్చిన ఈ మాట తాళ దశప్రాణాల్లో మొదటిది. సంగీత పాఠంలో దాని అర్థం సూటిగా ఉంటుంది. ఆది తాళం ఒక ఆవర్తానికి మొదటి కాలంలో 8 స్వరాలు, రెండో కాలంలో 16, మూడో కాలంలో 32. చేతి తాళం మారదు, స్వరాలు రెట్టింపవుతాయి. పల్లవిని ఇలా పాడితే అనులోమం. పల్లవి నడక కదలకుండా తాళం వేగం మారిస్తే ప్రతిలోమం.

ఎంత పరుగెత్తినా శ్రుతి మాత్రం కదలదు. టేపు అలా కాదు. వేగం రెట్టింపు చేస్తే ఒక స్థాయి పైకెక్కుతుంది, సగం చేస్తే ఒక స్థాయి కిందికి జారుతుంది. వేదికపై లూపింగ్ చేసేవారికి, అంటే వాయించిన ముక్కను అక్కడికక్కడే రికార్డు చేసి మళ్లీ మళ్లీ మోగించేవారికి, ఈ గుణమే పనిముట్టు. 1999లో వచ్చిన లైన్ 6 డీఎల్4 పెడల్‌లో లూప్‌ను సగం వేగానికి దించే మీట ఉంది. ఆ వేగంలో గిటార్ మీద ఇంకో వరుస కలిపి మళ్లీ మామూలు వేగానికి వస్తే, కొత్త వరుస ఒక స్థాయి పైన, రెట్టింపు వేగంతో పలుకుతుంది. మొదట వాయించింది యథాతథం.

అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షల అభ్యర్థి ఫోన్‌లో ‘టూ ఎక్స్’ పెట్టి వినే పాఠం వేరు. అక్కడ మాస్టారి గొంతు సన్నబడదు, సాఫ్ట్‌వేర్ శ్రుతిని పట్టి ఉంచుతుంది. సంగీత పరిభాషలో చెప్పాలంటే అది అచ్చంగా రెండో కాలం.