క్లోరైడ్ పట్టు, అయొడైడ్ తీరు

ఇంటర్ రెండో ఏడాది సాల్ట్ అనాలిసిస్ క్లాసు. బెంచీ మీద స్టాండులో మూడు టెస్ట్‌ట్యూబులు, మూడింటిలోనూ చిటికెడు తెల్లటి పొడి. ఎడమవైపు సోడియం క్లోరైడ్, అంటే మనం కూరలో వేసుకునే ఉప్పే. మధ్యలో పొటాషియం బ్రోమైడ్, కుడివైపు పొటాషియం అయొడైడ్. చూడ్డానికి మూడూ ఒకటే. కళ్లద్దాలు పెట్టుకోండి. కిటికీలన్నీ బార్లా తెరిచే ఉన్నాయి, అలాగే ఉండనివ్వండి.

మేడమ్ గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం తీసి ఎడమ ట్యూబులో నాలుగు చుక్కలు వేశారు. బుసబుసమని నురగ. ట్యూబు మూతి దగ్గర తెల్లటి ఆవిరి, ముక్కుపుటాలు మండేంత ఘాటు. అది హైడ్రోజన్ క్లోరైడ్. అమోనియాలో ముంచిన గాజుకడ్డీని అక్కడ పెట్టగానే దట్టమైన తెల్లటి పొగ లేచింది. పొగంతా నవాసారమే.

రెండో ట్యూబులో వేశారు. ఈసారి ఎర్రటి గోధుమరంగు ఆవిరి. అది బ్రోమిన్.

మూడో దానికి వచ్చేసరికి మాటలు ఆగిపోయాయి. చుక్క పడీ పడకముందే తెల్లటి పొడి నల్లబడింది. కొంచెం వేడి తగలగానే ఊదారంగు ఆవిరి సుడులు తిరుగుతూ పైకి లేచింది. ట్యూబు పైభాగం చల్లగా ఉంది కదా, అక్కడ గాజుకు లోపలివైపు మెరిసే నల్లటి పలుకులు అంటుకున్నాయి. దగ్గరగా చూడండి, ఆవిరి ద్రవం కాకుండానే ఘనమైంది. అదే అయొడిన్.

ఆమ్లం ఒకటే, ఫలితాలు మూడు ఎందుకయ్యాయి? ఆ ఆమ్లం ఎలక్ట్రాన్లు లాక్కోజూస్తుంది. క్లోరైడ్ అయాను చిన్నది, దాని కేంద్రకం ఎలక్ట్రాన్లను గట్టిగా పట్టుకుని ఉంటుంది, ఇవ్వదు. అయొడైడ్ పెద్దది, బయటి ఎలక్ట్రాన్లు కేంద్రకానికి దూరం, అడగ్గానే వదిలేస్తుంది. పుస్తకంలో ఇది ఒక్క లైను. బట్టీ పడితే పరీక్షదాకా గుర్తుంటుంది, ఆ ఊదారంగు చూసినవాళ్లకు జన్మంతా గుర్తుంటుంది.

తర్వాత సిల్వర్ నైట్రేట్ పరీక్ష. క్లోరైడ్‌కు పెరుగు తరకల్లాంటి తెల్లటి అవక్షేపం వచ్చి, అమోనియా పోస్తే కరిగిపోయింది. అయొడైడ్‌ది పసుపు, కరగలేదు.

ఇప్పుడు బ్రోమైడ్ ద్రావణంలో కాస్త క్లోరిన్ నీళ్లు, కాస్త క్లోరోఫామ్ పోసి కుదపండి. అడుగున చేరిన క్లోరోఫామ్ పొర నారింజరంగుకు తిరిగింది. అయొడైడ్‌తో చేస్తే ఊదా. క్లోరిన్ ఆ రెండింటి ఎలక్ట్రాన్లనూ లాక్కుంది.

మరి క్లోరైడ్ దగ్గర లాక్కునేదెవరు? ఫ్లోరిన్ లాక్కుంటుంది. 1886 జూన్ 26న పారిస్‌లో ఆన్రీ మొయిస్సాన్ దాన్ని ప్లాటినం పాత్రలో వేరు చేశాడు, దాన్ని తాకిన సిలికాన్ భగ్గున మండింది. అది ఈ ల్యాబులో దొరకదు. ఇంకొకటుంది, అది మాత్రం చాలా ఇళ్లలో ఉంటుంది. మేడమ్ దాన్ని చేసి చూపించరు, బోర్డు మీద సమీకరణం రాస్తారంతే.

బ్లీచింగ్ పౌడర్‌లో హైపోక్లోరైట్ ఉంటుంది. బాత్‌రూములు కడిగే యాసిడ్ చాలావరకు హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. రెండూ కలిస్తే, సల్ఫ్యూరిక్ ఆమ్లానికి కూడా లొంగని క్లోరైడ్ ఎలక్ట్రాన్ వదిలేస్తుంది. పుట్టేది క్లోరిన్ వాయువు. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల కందకాల మీదికి వదిలింది దీన్నే. గాలికన్నా దాదాపు రెండున్నర రెట్లు బరువు కాబట్టి నేలబారుగా పరుచుకుంటుంది. బాత్‌రూములో కింద కూర్చుని నేల తోమేవాళ్ల ముఖం ఉండేదీ ఆ ఎత్తులోనే.

అందుకే బ్లీచింగ్ చల్లిన నేల మీద యాసిడ్ పోయకండి. ఒకటి వాడితే ఆ రోజుకు రెండోదాని జోలికి పోవద్దు. ఘాటు వచ్చిందా, ఉన్నపళంగా బయటికి వచ్చేయండి. ఈ మాట మీ ఇంట్లో పనికి వచ్చే ఆమెకు ఇవాళే చెప్పండి.