బొల్లారం చుట్టుపక్కల పెద్దల చదువు: గ్రంథాలయ సభల చరిత్ర

బొల్లారానికీ యాప్రాల్‌కూ నడుమ ఉన్న కౌకూర్ నేడు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో భాగం. 2016 అక్టోబరు 11న ఈ జిల్లా ఏర్పడక ముందు ఇది రంగారెడ్డి జిల్లాలో ఉండేది. దర్గా పేరుతో హైదరాబాద్ నగరమంతటికీ పరిచయమైన ఈ ఊరి చరిత్రను రాసేవారు సాధారణంగా కంటోన్మెంటును, రైలు మార్గాన్ని, కాలనీల విస్తరణను మాత్రమే చెప్పి ఊరుకుంటారు. బడి వయసు దాటిన మనుషులు ఈ ప్రాంతంలో చదువును, సభను, సాహిత్యాన్ని ఏ దారిన అందుకున్నారన్నది వాటికి తీసిపోని చరిత్ర. ఆ దారి సికింద్రాబాద్, హైదరాబాద్ గ్రంథాలయాల మీదుగా సాగింది గనుక, కౌకూర్ వంటి ఊళ్ల సాంస్కృతిక జీవితాన్ని అర్థం చేసుకోవాలంటే ఆ గ్రంథాలయాలు పుట్టిన తీరును ముందుగా తెలుసుకోవాలి.

1901 సెప్టెంబరు 1న హైదరాబాద్‌లో రావిచెట్టు రంగారావు ఇంట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ప్రారంభమైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు దాని స్థాపనకు పూనుకున్నవారిలో ముఖ్యులు. ‘భాషానిలయం’ అనే పేరులోనే దాని లక్ష్యం ఉంది. పాలనకూ పై చదువులకూ ఉర్దూయే ఆధారమైన నిజాం రాజ్యంలో, తెలుగు చదవదలచిన పెద్దలకు పుస్తకంతో పాటు కూర్చునే చోటును, మాట్లాడే తోడును, వినదగిన ఉపన్యాసాన్ని ఇవ్వడం దాని పని. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, 1905లో సికింద్రాబాద్‌లో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం వెలిశాయి. ఈ మూడింటిలో కౌకూర్ వైపు ఊళ్లకు దగ్గరిది సికింద్రాబాద్ గ్రంథాలయమే.

అప్పటికి నగరంలో గ్రంథాలయం లేదని కాదు. సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామి చొరవతో 1891లో ఏర్పడిన ఆసఫియా గ్రంథాలయం అరబ్బీ, పారశీక, ఉర్దూ గ్రంథాలకు దేశమంతటా ప్రసిద్ధి పొందింది. 1936లో అది అఫ్జల్‌గంజ్‌లోని నేటి భవనానికి మారింది. అయితే ఆసఫియా ప్రధానంగా పండితుల కోసం గ్రంథాలను భద్రపరచిన నిలయం కాగా, భాషానిలయాలు వ్యాపారి, గుమాస్తా, ఉపాధ్యాయుడు వంటి మామూలు పాఠకులను కూడగట్టిన స్థలాలు. ఈ తేడాను గమనించకపోతే తెలంగాణలో గ్రంథాలయోద్యమం ఎందుకు రాజకీయ ఉద్యమంగా పరిణమించిందో బోధపడదు.

ఆ పరిణామానికి కారణాల్లో ఒకటి గస్తీ నిషాన్ 53. ‘గస్తీ’ అంటే ప్రభుత్వ శాఖలకు పంపే ఉత్తర్వు. ఈ ఉత్తర్వు ప్రకారం ముందుగా అనుమతి పొందనిదే సభ జరపకూడదు. ఇటువంటి పరిస్థితిలో గ్రంథాలయ వార్షికోత్సవం, కవి జయంతి, పురాణ కాలక్షేపం, అంటే పురాణాన్ని చదివి అర్థం చెబుతుండగా ఊరివారు కూర్చుని వినే సాయంకాలపు గోష్ఠి, కేవలం వినోదాలుగా మిగలలేదు. పదిమంది ఒకచోట చేరి తమ భాషలో తమ సంగతులు మాట్లాడుకోవడానికి అవే దొరికిన సందర్భాలు. 1921 నవంబరులో హైదరాబాద్ వివేకవర్ధని థియేటరులో జరిగిన సంస్కరణ సభలో తెలుగులో మాట్లాడబోయిన ఆలంపల్లి వెంకట రామారావును సభికులు గేలిచేయగా, ఆ అవమానం నుంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావు నడిపిన ఈ సంఘం పఠన మందిరాలనూ గ్రంథాలయాలనూ స్థాపించడాన్ని తన ఆశయాల్లో చేర్చుకొని, వెట్టి చాకిరిని గురించీ వర్తకుల హక్కులను గురించీ చిన్న పుస్తకాలను తెలుగులో ప్రచురించింది. తన హక్కు ఏమిటో తెలియని రైతుకు ఆ చిన్న పుస్తకం పాఠ్యగ్రంథం కంటే విలువైన చదువు అనడంలో అతిశయోక్తి లేదు.

అక్షరం రానివారికి చదువు మరొక దారిలో వచ్చింది. భాగ్యరెడ్డి వర్మ 1906లో స్థాపించిన జగన్మిత్ర మండలి హరికథలను ఏర్పాటు చేసి దళిత వాడల్లోని పెద్దలకు విజ్ఞానాన్ని చేర్చింది. హరికథ అంటే ఒకే కథకుడు చిడతలు పట్టి, పాటనూ మాటనూ కలిపి కథను నడిపించే ప్రదర్శన కళ; చదువు లేనివాడు కూడా దానిని పూర్తిగా అందుకోగలడు. గ్రంథాలయ చరిత్రలను రాసినవారు జగన్మిత్ర మండలిని సాధారణంగా సంఘ సంస్కరణ అధ్యాయంలో పెట్టి వదిలేస్తారు గాని, పుస్తకాల గది తలుపు దాకా రాలేని మనిషి దగ్గరకు విద్య తానే నడిచి వెళ్లిన ఈ ఉదాహరణకు వయోజన విద్యా చరిత్రలో మొదటి వరుసలో చోటు దక్కాలి.

సికింద్రాబాద్‌కు సంబంధించినంతవరకు ఈ సంప్రదాయానికి నిలువెత్తు రూపం వట్టికోట ఆళ్వారుస్వామి (1915–1961). ఉపాధ్యాయుని ఇంట వంటపని చేస్తూ చదువు నేర్చుకున్న ఆయన, 1938లో సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, తక్కువ వెలకు పుస్తకాలు వేసి, వాటిని స్వయంగా మోసుకొని ఊరూరా తిరిగి అమ్మారు. ఆయన పుస్తకం అమ్మిన చోటల్లా సంభాషణ జరిగేది. చదివినవాడు చదవనివానికి చెప్పేవాడు. 1943లో ఏర్పడిన ఆంధ్ర సారస్వత పరిషత్తు ప్రాథమిక, ప్రవేశ, విశారద పరీక్షల ద్వారా ఇదే పనికి ఒక క్రమాన్ని కల్పించింది. ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న పెద్దలు, బడి మానేసిన స్త్రీలు ఈ పరీక్షల పుణ్యమా అని తెలుగు సాహిత్యంలోకి అడుగుపెట్టారు.

స్వాతంత్ర్యానంతరం బాధ్యత ప్రభుత్వానికి చేరింది. 1955లో హైదరాబాద్ పౌర గ్రంథాలయాల చట్టం, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత 1960 చట్టం వచ్చాయి. రెండవ చట్టం కింద జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏర్పడగా, వాటికి ఆధారం గ్రంథాలయ పన్ను, అంటే ఇంటి పన్నుతో కలిపి స్థానిక సంస్థలు వసూలు చేసే అదనపు సుంకం. ప్రస్తుతం అది రూపాయికి 8 పైసలు. వెయ్యి రూపాయల ఇంటి పన్ను కట్టే కౌకూర్ గృహస్థుడు 80 రూపాయలు గ్రంథాలయానికి చెల్లిస్తున్నాడన్న మాట. కాబట్టి గ్రంథాలయంలో ఉచితంగా జరిగే ఉపన్యాసమో శిక్షణ తరగతో ఎవరి దయాధర్మమూ కాదు. ఊరివారు ముందే ఖర్చు భరించిన సేవ.

అటువంటి సేవ ఎలా ఉండగలదో 1951లో యునెస్కో సహకారంతో నెలకొన్న ఢిల్లీ పౌర గ్రంథాలయం చూపింది. పుస్తకాలు ఇవ్వడంతో సరిపెట్టుకోకుండా కొత్తగా అక్షరాలు నేర్చినవారికి ఉపన్యాసాలు, చర్చలు, నాటకాలు, చలనచిత్ర ప్రదర్శనలు అక్కడ నిర్వహించారు. మన ప్రాంతంలో ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో కవి సమ్మేళనాలు, వ్యాసరచన, ముగ్గుల పోటీలు ఉంటాయి. అవి మంచివే గాని, బాలల దినోత్సవంతో మొదలయ్యే ఆ వారంలో పిల్లల సందడే ఎక్కువ. మిగిలిన సంవత్సరమంతా చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం మొదలుకొని చాలా చోట్ల పఠన మందిరాలు ఉద్యోగ పరీక్షలకు సిద్ధమయ్యే యువతతో నిండి ఉంటున్నాయి. వారు చేస్తున్నదీ వయోజన విద్యే కనుక వారి నిశ్శబ్దానికి భంగం కలగకూడదు. కాని ఆ నిశ్శబ్దంలో పాత సభా సంప్రదాయానికి చోటు లేకుండా పోయిందన్నది కూడా వాస్తవం.

కౌకూర్ చుట్టూ ఉన్న జనం ఈ సంప్రదాయానికి తగినవారే. పాత ఊరి తెలుగు, ఉర్దూ కుటుంబాలు, పని కోసం వచ్చి స్థిరపడినవారు, యాప్రాల్, సైనిక్‌పురి కాలనీల్లోని విశ్రాంత సైనికోద్యోగులు ఇక్కడ పక్కపక్కనే నివసిస్తున్నారు. పగలంతా పనిలో ఉండే వీరి కోసం సాయంత్రం ఆరు తరువాత, ఆదివారాల్లో, చదువుకునే గదికి దూరంగా మరొక గదిలో, తెలుగులోనూ ఉర్దూలోనూ కార్యక్రమాలు జరగాలి. బ్యాంకు కాగితం నింపడం, భూమి పత్రం చదవడం, ఫోనులో మోసపోకుండా డబ్బు పంపడం వంటి పాఠాలకూ, హరికథకూ, కవిగోష్ఠికీ, ఉర్దూ కవుల సభ అయిన ముషాయిరాకూ ఆ గదిలో సమాన స్థానం ఉండాలి. 1905లో సికింద్రాబాద్‌లో చందాలతో గ్రంథాలయాన్ని మొదలుపెట్టినవారికి చట్టం అండ లేదు, పన్ను రాబడి లేదు. నేటి జిల్లా సంస్థకు రెండూ ఉన్నాయి.